ఈస్టర్ ద్వీపం నుంచి సెయింట్ హెలీనాకు విమాన దూరం, ప్రయాణ సమయం

ప్రశ్న: పసిఫిక్ మహాసముద్రంలో చిలీకి చెందిన ఈస్టర్ ద్వీపంలోని మాతావేరి విమానాశ్రయం నుంచి దక్షిణ అట్లాంటిక్‌లోని సెయింట్ హెలీనా ద్వీపపు విమానాశ్రయానికి ఎంత దూరం ఉంటుందో, ఎంత సమయం పడుతుందో దయచేసి చెప్పగలరా?

జవాబు 1: భూగోళంపై అతి దగ్గరి దారిలో సుమారు 10,500 కిలోమీటర్లు. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో 12 గంటలకు పైగా పడుతుంది.

జవాబు 2: ఆ లెక్క సరైనదే గానీ, ఈ రెండింటి మధ్య నేరుగా విమానం లేదు కాబట్టి ప్రయాణికులకు అది అక్కరకు రాదు. శాంటియాగో, సావో పాలో, జొహానెస్‌బర్గ్ మీదుగా వెళితే దూరం 17,000 కిలోమీటర్లు దాటుతుంది. జొహానెస్‌బర్గ్ నుంచి సెయింట్ హెలీనాకు సాధారణంగా వారానికి ఒక్క విమానమే ఉంటుంది కనుక, ముందు ఆ టికెట్టు తీసుకుని, మిగతా ప్రయాణాన్ని దాన్నిబట్టి వెనక్కి లెక్కవేసుకోవడం మంచిది.

జవాబు 3: సెయింట్ హెలీనా రన్‌వే దగ్గర గాలులు ఉధృతంగా మారుతుంటాయి, అందువల్ల తిరుగు ప్రయాణానికి కూడా కొన్ని రోజుల వ్యవధి తప్పక ఉంచుకోండి.