అప్‌డేట్: గేమ్‌బాయ్ క్యాట్రిడ్జ్‌లో సేవ్ నిలుస్తోంది

గేమ్‌బాయ్‌లో (చేతిలో పట్టుకుని ఆడే గేమ్ యంత్రం) పెట్టి ఆడే పోకెమాన్ గోల్డ్‌లో ఆట సేవ్ చేసి ఆఫ్ చేస్తే మళ్లీ మొదటికే వస్తోందని అడిగాను కదా. మీరన్నట్టే, క్యాట్రిడ్జ్ (ఆట ఉండే డబ్బా) లోపల సేవ్‌ని నిలిపే బ్యాటరీ అయిపోయింది, మార్చాక సరైంది. 3 వోల్టులు ఉండాల్సిన చోట మల్టీమీటర్ 1.2 చూపించింది. ఆటలోని గడియారం కూడా దాని మీదే నడుస్తుంది, అందుకే ఇందులో త్వరగా అయిపోతుంది.

క్యాట్రిడ్జ్ స్క్రూకి 3.8 మి.మీ. గేమ్‌బిట్ (ఆ స్క్రూకే సరిపోయే ప్రత్యేక స్క్రూడ్రైవర్ మొన) కావాలి. బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో రేకులు అతికించి ఉన్న సీఆర్2025 బిళ్ల బ్యాటరీ అడగండి. రేకుల్లేని మామూలు బిళ్ల మీద నేరుగా టంకం పెట్టొద్దు, వేడికి పగలొచ్చు. సీఆర్2032 అయితే 0.7 మి.మీ. మందం ఎక్కువ, మూత సరిగ్గా పట్టదు (నొక్కి మూసేసే మహానుభావులూ ఉన్నారు). పాత టంకానికి ఫ్లక్స్ (టంకం బాగా పారేలా చేసే పదార్థం) రాసి, కరిగాకే పాత బ్యాటరీ రేకు తీయాలి. బలవంతంగా లాగితే బోర్డు మీది ప్యాడ్ (టంకం పట్టే రాగి బిందువు) లేచొస్తుంది. పాత సేవ్ మాత్రం దక్కలేదు.