సమస్య: చచ్చుకొలఁది వైరి జవము పెరిగె

నిర్వాహకుడు: నిన్న రాత్రి మొదటిసారి స్పేస్ ఇన్వేడర్స్ ఆడాను. పైనుంచి గుంపుగా దిగే పురుగుల్లాంటి శత్రువుల్ని కిందున్న నౌకతో పేల్చే 1978 నాటి వీడియో ఆట, ఇన్నాళ్లూ పేరు వినడమే. 54 పురుగుల్ని చంపి, ఇంకొక్కటే కదా అని ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఒక్కటీ నా కొంప ముంచింది. ఆ కోపంలో పుట్టిన పాదం ఇది. ఆటను వదలకుండా పూరించండి. రక్తబీజుణ్ణి తెచ్చి గట్టెక్కుదామనుకునేవారు ఈసారికి క్షమించాలి.

అరసున్న:

ఏఁబదైదు పురుగు లెదురుగా దిగివచ్చె
నేను పేల్చ నొకటి నేలఁ గూలె
ఒక్కఁ డున్న వేళ నుఱికి వచ్చెను వాఁడు
చచ్చుకొలఁది వైరి జవము పెరిగె

గణగణ: ఎత్తుగడలోనే లెక్క కుదిరింది. అయిదు వరుసలు, వరుసకు పదకొండు. 'ఏఁబదైదు' రెండు గణాలుగా అలా విరగడం అదృష్టం.

శకటరేఫ: అదృష్టమే, కాదనను. కాని మొదటి పాదంలో పురుగు, మూడో పాదంలో 'వాఁడు'. మధ్యలో ఉపనయనం ఏమైనా జరిగిందా? పైగా ఆ ఆటలో ఏదీ నేల కూలదు. ఉన్నచోటే పేలి మాయమవుతుంది. ఆడి రాశారా, విని రాశారా? ఇదిగో నాది:

మూఁడు ప్రాణములను మూఢుఁడనై యిచ్చి
వరుస నోడిపోతి పరుగుబెట్టి
నాదు చావు చూచి నవ్వెను గుంపెల్ల
చచ్చుకొలఁది వైరి జవము పెరిగె

గణగణ: 'మూఁడు ప్రాణ' దగ్గర 'ప్రా' సంయుక్తం కదా, దాని ముందున్న 'డు' గురువు కాదా?

శకటరేఫ: కాదు. 'ప్రాణ' వేరే పదం, పైగా 'మూఁడు' తెలుగు మాట. ఇది ఇక్కడ మూడోసారి చెప్పడం.

నిర్వాహకుడు: చచ్చేది ఎవరో చెప్పకుండా వదిలిన పాదాన్ని కవి తన చావుగా మలుచుకోవడం బాగుంది. రెండో పాదంలో యతికి బదులు రెండో అక్షరం కలిపే ప్రాసయతి మాత్రం అవసరానికి వాడినట్టుంది.

అరసున్న: బాగుండడం సరే, అబద్ధం కదండీ! మన నౌక పేలితే వాటి వేగం పెరగదు. గుంపు ఎక్కడిది అక్కడే ఉంటుంది, మళ్లీ అక్కడినుంచే మొదలు. పెరిగేది వాటి సంఖ్య తగ్గినప్పుడే. ఆడి రాశారా అని నన్నడిగింది ఎవరబ్బా?

శకటరేఫ: తొలిసారి ఆడేవాడి టెన్షన్ అది. ఒక గుండు పైకి పోయి దేనికో తగిలేదాకా రెండోది పేలదు. గురి తప్పితే ఆ గుండు తెరమీద పైదాకా పాకుతుంటే చూస్తూ నిలబడాలి. ఆ అరక్షణంలో వైరి జవం పెరిగినట్టే ఉంటుంది. కవిసమయం అంటారు దాన్ని.

అరసున్న: 'దీపమార్పగానె తెలియవచ్చె' సమస్య ఇచ్చిన నాడు కూడా ఇదే కవిసమయం. నా మిణుగురుల పద్యం వచ్చిన రెండో రోజున తమరికి చుక్కలు తోచాయి.

శకటరేఫ: చుక్కలు తమకంటే ముందునుంచీ ఉన్నాయి.

నిర్వాహకుడు: ఆ దీపం ఆరిపోయింది, వదిలేయండి.

గిలకరాట్నం: నమస్కారమండీ, ఇదే నా మొదటి పూరణ. తప్పులుంటే చెప్పండి.

బొమ్మలెల్ల గీయు బుఱ్ఱ యొక్కటె గాన
మంద తఱుగ దాని మోఁత తఱిగె
మిగిలినట్టి వాని మెఱుపును గనుఁగొంటి
చచ్చుకొలఁది వైరి జవము పెరిగె

ఈ బుఱ్ఱ ఆ ఆట యంత్రంలోని ఇంటెల్ 8080 చిప్. ఒక్కో మారు ఒక్క పురుగునే జరుపుతుంది. 55 ఉంటే అందరి వంతూ తిరిగేసరికి సెకను దగ్గరపడుతుంది. ఒక్కటే మిగిలితే ప్రతిమారూ దాని వంతే. ఆట తయారుచేసిన తొమొహిరో నిషికాదో కావాలని పెట్టిన వేగం కాదట. యంత్రం బరువు తగ్గి దానంతట అదే వచ్చిందట. బాగుందని ఆయన ఉంచేశారు.

నిర్వాహకుడు: అబ్బ! శత్రువుకు బలం రాలేదు, మోసేవాడికి బరువు తగ్గింది. నిన్న నన్ను చంపింది పురుగు కాదన్నమాట.

గణగణ: 'మోఁత' అంటే బరువా, చప్పుడా? చప్పుడైతే తగ్గదు. ఆ నాలుగు స్వరాల దడదడ కూడా వాటితోపాటే వేగం పుంజుకుంటుంది. నాకు చేతులు వణికింది దానివల్లే.

శకటరేఫ: చప్పుడు 'మ్రోఁత'. ఇది మోయడం. అర్థం సరే, 'మం'కూ 'మో'కూ యతిమైత్రి ఎప్పుడు కుదిరింది?

గిలకరాట్నం: అయ్యో. చూసుకోలేదండీ.

అరసున్న: 'మంద' తీసి 'మూక' పెట్టండి. 'మూక తఱుగ దాని మోఁత తఱిగె'. యతీ కుదురుతుంది, అవి వచ్చే తీరుకు మందకన్నా మూకే తగినది.

శకటరేఫ: ఊరివాళ్ల యతులు దిద్దడం అయ్యాక తమ 'నేలఁ గూలె' సంగతి కూడా చూడండి.

అరసున్న: 'నేను పేల్చ నొకటి నీఱు గాఁగ'. సరేనా?

శకటరేఫ: నీఱులో బండి ఱ సరిగ్గా వేశారు. ఇవాళ్టికి 'వాఁడు' జోలికి రాను.

నిర్వాహకుడు: గిలకరాట్నం గారూ, 'మూక'తో మార్చి మళ్లీ పెట్టండి. నేను ఆ చివరి పురుగు సంగతి చూసి వస్తాను.