నాన్నగారు లేని ఇంట్లో కుటుంబ ప్రార్థన మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న (మెదక్ జిల్లా నుంచి ఒక సోదరి):

అందరికీ వందనాలు. మా నాన్నగారు ప్రభువునందు నిద్రించి ఐదు నెలలైంది. రాత్రి భోజనాలయ్యాక చాప పరచి, పాట ఎత్తుకుని, వాక్యం చదివి, ఇంట్లో ఒక్కొక్కరి పేరూ చెప్పి ప్రార్థించేది ఆయనే కనుక, ఆయనను సమాధి చేసిన రాత్రి నుంచి మా ఇంట్లో కుటుంబ ప్రార్థన ఆగిపోయింది. ఆయన బైబిలు, గుర్తుగా పెట్టుకున్న పాత బస్సు టికెట్టుతో సహా, అలమరలో అలాగే ఉంది. అమ్మకు చదువు రాదు. తమ్ముడు "అన్ని ఉపవాస ప్రార్థనలు చేశాం కదా, దేవుడు నాన్నను ఎందుకు బతికించలేదు?" అని అడిగి గుడికి రావడమే మానేశాడు. ఏటా క్రిస్మస్‌కు నాన్నగారితో వెళ్లే మెదక్ చర్చికి ఈసారి వెళ్లాలన్నా కాళ్లు రావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు (గుంటూరు నుంచి ఒక పాస్టరు):

అమ్మా, మీ తమ్ముడి ప్రశ్నకు భయపడకండి. లాజరు సమాధిలో నాలుగు దినాలు ఉన్న తరువాత వచ్చిన యేసుతో, "నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును" అని లాజరు అక్కచెల్లెళ్లలో మొదట మార్త, తరువాత మరియ, ఇద్దరూ అదే మాట అన్నారు. అందులో నమ్మకం ఎంత ఉందో నిష్ఠూరం కూడా అంతే ఉంది. ఆ మాటకు ప్రభువు ఇద్దరిలో ఎవరినీ గద్దించలేదు. మరికాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా వాళ్లతో కలిసి కన్నీళ్లు విడిచాడు. కాబట్టి తమ్ముడికి జవాబు చెప్పే బాధ్యత మీ మీద వేసుకోకండి. గుడికి రమ్మని బలవంతం చేయకుండా, ఆ ప్రశ్ననే అతని తరఫున ప్రార్థనలో దేవుని ముందు పెట్టండి.

జవాబు (ఖమ్మం నుంచి ఒక పెద్దావిడ):

తల్లీ, మా వారు పోయినప్పుడు స్తుతి పాటలు నా నోటికి రాలేదు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలయ్యే 13వ కీర్తన మాత్రమే చదవగలిగాను. ఉన్నవి ఆరు వచనాలే. చివరికి పాటగా మారుతుంది గానీ, ఆ చివరి వచనం దాకా రావడానికి నాకు చాలా వారాలు పట్టింది. అంతవరకు చదివినంత చదివి, ఆమేన్ అనేదాన్ని. ఇంకొక మాట, అమ్మకు చదువు రాకపోయినా ఇన్నేళ్లుగా విన్న పాటలు కంఠతా వచ్చే ఉంటాయి. పాట ఆమెను ఎత్తుకోనివ్వండి.

జవాబు (సిద్దిపేట నుంచి ఒక సోదరుడు):

అక్కా, మెదక్ చర్చికి ఈ ఏడాదే వెళ్లండి. కరువు కాలంలో ఆకలితో ఉన్నవారికి పని, తిండి దొరకాలని మిషనరీ పోస్నెట్ దొరగారు కట్టించిన గుడి అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. పండుగ జనంలో కష్టమనిపిస్తే మామూలు రోజున, ఎండ ఉన్నప్పుడు వెళ్లి, రంగుల అద్దాల మీది సిలువ బొమ్మ ఎదురుగా అమ్మతో కాసేపు కూర్చోండి.

ప్రశ్న అడిగిన సోదరి:

మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి చాప పరిచాను. తమ్ముడు రాలేదు. అమ్మ నాన్నగారి కంటే తక్కువ శ్రుతిలో పాట ఎత్తుకుంది, నేను 13వ కీర్తన చదివాను. తరువాత అమ్మ మా పేర్లు, తమ్ముడి పేరు చెప్పి ప్రార్థిస్తూ, అలవాటు కొద్దీ నాన్నగారి పేరు కూడా చెప్పి ఆగిపోయింది. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. చివరికి అమ్మే పరలోక ప్రార్థన మొదలుపెట్టింది. ఈ రాత్రి కూడా చాప పరుస్తాను.