కాంటెస్సా కారు ముందు అద్దం మార్చాలి, తెలిసినవాళ్లు చెప్పండి

అన్నలూ, మాది నల్గొండ. మా నాయన కొన్న 1994 కాంటెస్సా ఇంకా మా దగ్గరే ఉంది. పోయిన వారం చిట్యాల దాటాక కంకర లారీ మీంచి రాయి ఎగిరి ముందు అద్దానికి తగిలింది. లామినేటెడ్ అద్దం (రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉండేది) కాబట్టి రాలిపోలేదు, కానీ డ్రైవర్ వైపు సాలెగూడులా బీటలు. పొద్దున ఎదురెండలో రోడ్డే కనిపించడం లేదు.

అద్దం రబ్బరు బీడింగులో, అంటే చుట్టూ ఉండే రబ్బరు పట్టీలో కూర్చుంటుంది. ఆ బీడింగు ఎండి గట్టిపడింది. ఒక మూల లేపి చూస్తే కింద రేకు తుప్పుపట్టి, గోరుతో గీకితే పొట్టులా రాలింది. అద్దం కంటే నాకు దీనికే టెన్షన్.

ఇక్కడి మెకానిక్ బీడింగు గాడిలో తాడు పెట్టి, లోపలి నుంచి లాగుతూ ఎక్కిస్తానంటున్నాడు. పద్ధతి సరైనదే. కానీ పాత బీడింగుతోనే కానిద్దామంటే మనసొప్పడం లేదు. వానాకాలం నీళ్లు దిగితే డ్యాష్‌బోర్డ్ కింద వైరింగ్ పాడవుతుంది.

ఇది వంపు అద్దం, మామూలు గ్లాసు షాపులో కోయించుకునేది కాదు. అద్దం, కొత్త బీడింగు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి? తుప్పు గీకి ప్రైమర్ వేస్తే సరిపోతుందా, రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించాలా? చేయించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.