పదకొండింటికే వచ్చే ఫోను, లెక్కలోకి రాని సస్పెన్షన్లు

ప్రశ్న

మేము డాలస్ శివార్లలో ఉంటున్నాము. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, ఆటిజం ఉంది, బడిలో ఐఈపీ (వాడి అవసరాలకు తగ్గట్టు రాసుకున్న ప్రత్యేక చదువు ప్రణాళిక) నడుస్తోంది. ఫైర్ డ్రిల్ ఉన్న రోజు ముందుగా వాడికి చెప్పాలని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. గత నెల అలారం మోగగానే వాడు బల్ల కిందికి దూరాడట, టీచరుగారు చేయి పట్టుకుని బయటికి లాగబోతే తోసేశాడట. హెడ్‌ఫోన్లు ఆ సమయంలో అలమారలోనే ఉన్నాయి. మూడు రోజుల సస్పెన్షన్ ఇచ్చారు.

అంతకుముందు కూడా ఈ ఏడాది ఓ ఐదుసార్లు "ఈ రోజు బాబు కుదురుగా లేడు, వచ్చి తీసుకువెళ్ళండి" అని పదకొండింటికే ఫోను చేశారు. మా ఆవిడ వెళ్ళి తెచ్చుకుంది. వాటికి కాగితం ఏమీ ఇవ్వలేదు. వీసా మీద ఉన్నవాళ్ళం, బడితో పేచీ ఎందుకని ఊరుకున్నాము. ఇప్పుడు అడగడం వల్ల ఫలితం ఉంటుందా? మనవాళ్ళు కాబట్టే ఇలా చేస్తున్నారా?

జవాబులు

ఇర్వింగ్ అమ్మ

అన్నయ్యగారూ, ముందు ఆ ఫోన్ల సంగతి తేల్చుకోండి. ఒక విద్యాసంవత్సరంలో క్రమశిక్షణ పేరుతో వరుసగా పది బడిరోజులు మించి బయట ఉంచినా, విడివిడిగా పంపిన రోజులు పది దాటి ఒకే తీరుగా కనిపించినా, ఆ ప్రవర్తన వైకల్యం వల్ల వచ్చిందా, లేక ఐఈపీని బడి అమలు చేయకపోవడం వల్ల వచ్చిందా అని సమావేశం పెట్టి తేల్చాలని ఐడియా (వైకల్యం ఉన్న పిల్లల చదువుకు సంబంధించిన ఫెడరల్ చట్టం) చెబుతుంది. ఇంటికి తీసుకువెళ్ళమన్న రోజులు కూడా సస్పెన్షన్ కిందికే రావచ్చని 2022 జులైలో ఫెడరల్ విద్యాశాఖ వివరించింది. కాగితం లేకపోతే ఆ లెక్క ఎప్పటికీ పది దాటదు, అసలు కిటుకంతా అక్కడే ఉంది. మీ లెక్క ఇప్పటికే ఎనిమిది.

ఇకమీదట ఫోను వస్తే, "ఇది సస్పెన్షనా, కాదా? రాతపూర్వకంగా చెప్పండి" అని మర్యాదగా ఈమెయిలు పెట్టండి. పది రోజులు నిండేదాకా ఆగనక్కరలేదు, ఆర్డ్ మీటింగ్ (టెక్సస్‌లో ఐఈపీని తల్లిదండ్రులతో కూర్చుని నిర్ణయించే కమిటీ సమావేశం) ఇప్పుడే అడగవచ్చు. హెడ్‌ఫోన్ల విషయం మొదటి వాక్యంలోనే రాయండి. మా పాప విషయంలో నేను రెండేళ్ళు తలూపి సంతకాలు పెట్టాను. గోడకుర్చీ వేయించినా "మీ మంచికే" అనే ఇళ్ళలో పెరిగినవాళ్ళం కదా, మేష్టారి మాటకు ఎదురు చెప్పడానికి నోరు రాదు.

చట్టం చదువుతున్నవాణ్ణి

వీసా భయం గురించి ఒక మాట. పిల్లల ఇమిగ్రేషన్ స్థితిని చూపి ప్రభుత్వ బడి చదువు నిరాకరించరాదని 1982లో ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు మన టెక్సస్‌లోని టైలర్ నుంచే వెళ్ళింది. వైకల్యం వల్ల కలిగిన ప్రవర్తనకు బడి తనంతట తాను పిల్లలను నిరవధికంగా బయటకు పంపరాదని 1988లో హోనిగ్ కేసులో చెప్పింది.

మనవాళ్ళు కాబట్టేనా అంటే, అంకెలు వేరే మాట చెబుతాయి. మొత్తం మీద ఆసియా పిల్లలు తక్కువగానే సస్పెండ్ అవుతారు. ఎక్కువ భారం నల్లజాతి పిల్లల మీద పడుతోంది. 2013-14లో ప్రభుత్వ బడుల విద్యార్థులలో వారు 15.5 శాతమైతే, సస్పెండైనవారిలో దాదాపు 39 శాతం అని 2018లో ఫెడరల్ ఆడిట్ సంస్థ జీఏఓ నివేదిక తేల్చింది. టెక్సస్ పిల్లలు సుమారు పది లక్షల మందిని ఏళ్ళ తరబడి గమనించి 2011లో వెలువరించిన అధ్యయనంలో, స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లల్లో దాదాపు ముప్పాతిక మంది ఏడు నుంచి పన్నెండో తరగతి లోపల ఒక్కసారైనా సస్పెన్షన్ లేదా బహిష్కరణ చూశారు. ఆ అధ్యయనం చూసిన మొత్తం శిక్షల్లో చట్టం తప్పనిసరి చేసినవి మూడు శాతమే. మిగిలినవన్నీ బడి విచక్షణ మేరకు వేసినవే. మీ అబ్బాయి ఈ వరుసలో నిలబడింది వైకల్యం కారణంగా. "మా పిల్లవాడు అలాంటివాడు కాదండీ" అని పక్క వరుసలోని పిల్లలను తక్కువ చేసే వాదన మాత్రం దయచేసి ఎత్తుకోకండి. మన వాట్సాప్ గ్రూపుల్లో అది తరచూ వింటుంటాను.

నాలుగో తరగతి టీచర్

నేను అటువైపు మనిషిని. ఇరవై నలుగురు పిల్లలు, సహాయకురాలు సెలవు, అలారం మోగుతోంది, అందరినీ బయటికి చేర్చాలి. అలాంటప్పుడు తోపు తగిలిన టీచరుకు నిజంగానే భయం వేస్తుంది. ఆవిడ మీద కోపం పెట్టుకోకండి. అయితే చేయి పట్టి లాగడం పొరపాటే, అలమారలో హెడ్‌ఫోన్లు ఉండిపోవడం అంతకంటే పెద్ద పొరపాటు. డ్రిల్ తేదీ ఆఫీసుకు ముందే తెలుసు. మీటింగులో శిక్ష గురించి వాదించే ముందు, ఆ తేదీ వాడికి ఎవరు, ఎప్పుడు చెప్పాలో పేరుతో సహా రాయించుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మా ఆవిడ, క్రెడిట్ కార్డు బిల్లు సరిచూసుకున్నట్టు, తన ఫోనులో బడి నుంచి వచ్చిన కాల్స్ అన్నీ తేదీలవారీగా రాసింది. ఐదు కాదు, ఏడు తేలాయి. సస్పెన్షన్ మూడు రోజులతో కలిపి పది. ఆ కాగితం జతచేసి ఈ ఉదయం ఈమెయిలు పంపాము; ఆర్డ్ మీటింగ్ వచ్చే మంగళవారం పెడతామన్నారు.