మంగళవారం ఓడిపోతే మళ్లీ సోమవారం దాకా ఏం చేస్తారు?

ప్రశ్న (బుధవారం రాత్రి)

నాకు ఇరవై ఏళ్లు. జూనియర్ టెన్నిస్ టోర్నీలు ముగించి, పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్‌లో అట్టడుగు మెట్టయిన ఎం15 టోర్నీల్లో తిరగడం మొదలుపెట్టి పద్నాలుగు నెలలైంది. ఇప్పటిదాకా 26 టోర్నీలు ఆడాను. సంపాదించుకున్నవి నాలుగు ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) ర్యాంకింగ్ పాయింట్లు. వెంట కోచ్ లేరు. ప్రస్తుతం ట్యునీషియాలోని మొనాస్టిర్‌లో ఉన్నాను. ఇక్కడ వరుసగా టోర్నీలు జరుగుతాయి కాబట్టి నాలుగు వారాలకు సరిపడా సామాను సర్దుకుని వచ్చాను. ఇది మూడో వారం.

నిన్న మొదటి రౌండ్‌లోనే ఓడిపోయాను. మూడో సెట్‌లో 5-4 ఆధిక్యంలో ఉండి సర్వీస్ నాదే. 30-30 దగ్గర డబుల్ ఫాల్ట్ చేశాను, రెండు సర్వులూ తప్పి పాయింటు పోయింది. ఆ తర్వాత మూడు గేములూ అవతలి అబ్బాయివే. మొదటి రౌండ్‌లో ఓడినవారికి 156 డాలర్లు, అందులోనూ పన్ను పోతుంది. పాయింట్లు సున్నా. గదికి వచ్చి ఫోను తెరిస్తే పందెం కాసి పోగొట్టుకున్న అపరిచితుల సందేశాలు పదకొండు ఉన్నాయి. ఒకడు మా అమ్మ గురించి రాశాడు. నన్ను ఏమన్నా ఓర్చుకునేవాణ్ని.

ఈరోజు ఉదయం కోర్టులన్నీ గెలిచినవాళ్లతో నిండిపోయాయి. చివరి కోర్టు ఒక గంట దొరికింది. ఆడేందుకు తోడు ఎవరూ లేక ఆరు పాత బంతులతో ఒక్కణ్నే సర్వులు చేశాను. ఆరు కొట్టడం, అటు వెళ్లి ఏరుకోవడం, మళ్లీ ఆరు కొట్టడం. పక్క కోర్టులో నన్ను ఓడించిన అబ్బాయి తన కోచ్‌తో నవ్వుతూ సాధన చేస్తున్నాడు.

ఆట మానేయాలా వద్దా అని నేను అడగడం లేదు. మ్యాచ్ ఆడుతున్నప్పుడు నాకు భయం ఉండదు. మంగళవారం సాయంత్రం నుంచి తర్వాతి సోమవారం దాకా ఉండే ఈ ఖాళీ రోజుల్లోనే భయం వేస్తోంది. ఈ దారిలో నడిచినవాళ్లు ఆ రోజులను ఎలా గడిపారో చెప్పండి.

జవాబు 1

తమ్ముడూ, నేను మహిళల విభాగంలో ఏడేళ్లు ఇదే స్థాయిలో ఆడాను. ఇప్పుడు పిల్లలకు శిక్షణ ఇస్తున్నాను. నీ ప్రశ్న చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఒకసారి ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో వరుసగా ఐదు వారాలు ఉన్నాను. గది కిటికీలోంచి ఎర్ర సముద్రం కనబడేది. ఐదు వారాల్లో ఒక్కసారి కూడా ఆ నీళ్ల దగ్గరకు వెళ్లలేదు. వారం వారం ఓడిపోతున్న మనిషికి సముద్రం చూసే హక్కు లేదనుకున్నాను. గెలిచినవాళ్లకు ఎదురుపడకూడదని అందరూ తినేసి వెళ్లాక భోజనానికి వెళ్లేదాన్ని. అలా నన్ను నేను శిక్షించుకున్నందుకు నా ఆట ఒక్క పాయింటు కూడా మెరుగుపడలేదు. ఈరోజుకీ ఆ సముద్రం గురించి బాధపడుతున్నాను. రేపు నువ్వు రాకెట్ ముట్టుకోకు. హోటల్ గేటు దాటి బయటకు వెళ్లు. మొనాస్టిర్‌లో సముద్రం ఒడ్డునే రిబాత్ అనే పాత కోట ఉంది. పైకెక్కి చూడు.

తర్వాత పని. ఓడిన రోజు రాత్రే మ్యాచ్‌ను పుస్తకంలో రాయి. నీ బాధ కాదు, బంతి ఎక్కడికి వెళ్లిందో రాయి. నేను ఇది నాలుగో ఏట మొదలుపెట్టాను. ఆరు నెలల తర్వాత పుటలు తిరగేస్తే ఒక విషయం బయటపడింది. 30-30 దగ్గర, బ్రేక్ పాయింట్ (పోతే నా సర్వీస్ గేమే పోయే పాయింటు) దగ్గర నా రెండో సర్వు ప్రతిసారీ ప్రత్యర్థి బ్యాక్‌హ్యాండ్‌కే వెళ్లేది. ఎదుటివాళ్లు అప్పటికే ఒక అడుగు అటు జరిగి నిలబడేవారు. వాళ్లకు తెలిసిపోయిన సంగతి నాకే తెలియలేదు! నేరుగా ఒంటి మీదకు సర్వు చేయడం నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ ఏడాదే నా ర్యాంకింగ్ మొదటిసారి ఆరు వందల లోపలికి వచ్చింది.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. శనివారం సెమీఫైనళ్ల నాటికి చాలామంది ఊరు విడిచి వెళ్లిపోతారు. మిగిలిన నలుగురికీ మ్యాచ్‌కు ముందు అరగంట బంతులు కొట్టే మనిషి కావాలి. కోచ్ లేనివాళ్లు మరీ ఇబ్బంది పడతారు. వెళ్లి అడుగు. సిగ్గుపడకు. ఆ వారం అందరికంటే బాగా ఆడుతున్నవారి బంతి నీ రాకెట్‌కు తగులుతుంది. డబుల్స్ జోడీలు కూడా నాకు అలాగే దొరికారు.

ఆ సందేశాలను చెరిపేయకు, ఫొటో తీసి టోర్నీ సూపర్‌వైజర్‌కు చూపించు. తెలియనివారి సందేశాలు రాకుండా ఫోనులో ఆపేయి. ఎప్పుడైనా ఎవరైనా ఒక సెట్ వదిలేయమని డబ్బు ఆశ చూపితే వెంటనే టెన్నిస్ సమగ్రతా సంస్థ ఐటీఐఏకు చెప్పు. ఒప్పుకోకపోవడం ఒక్కటే సరిపోదు, అడిగారన్న సంగతి దాచినా నియమాల ప్రకారం తప్పే. మంచి పిల్లలు కొందరు ఈ ఒక్క విషయం తెలియక చిక్కుల్లో పడతారు.

జవాబు 2

బాబూ, నేను ఆటగాణ్ని కాను. మా అమ్మాయి ఈ టోర్నీలు ఆడినన్నాళ్లూ లెక్కలు రాసినవాణ్ని. ఖాళీ రోజుల్లో భయం ఎక్కువగా డబ్బు వైపు నుంచే వస్తుంది, అందుకని రాస్తున్నాను.

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2013 లెక్కలతో ఒక సమీక్ష చేసింది. ఆ ఏడాది ఆడిన 8,874 మంది పురుషుల్లో 3,896 మందికి ప్రైజ్ మనీ ఒక్క డాలరు కూడా రాలేదు. కోచ్ ఖర్చు కలపకుండానే, ఖర్చులకు రాబడి సరిపోయే చోటు పురుషుల్లో 336వ ర్యాంకు, మహిళల్లో 253వ ర్యాంకు అని తేలింది. ఏటీపీ 2024లో మొదలుపెట్టిన కనీస ఆదాయ హామీ కూడా మొదటి 250 మందికే. ఎం15 టోర్నీ గెలిచినా చేతికి వచ్చేది 2,160 డాలర్లు, 15 పాయింట్లు. నీ జేబు ఖాళీ కావడం నీ ఆట లోపం కాదు. ఈ మాట మా అమ్మాయికి మొదటి ఏడాదే చెప్పి ఉండాల్సింది, మూడో ఏడాది చెప్పాను.

జర్మనీలో, ఫ్రాన్స్‌లో, ఇటలీలో క్లబ్బుల మధ్య లీగ్ మ్యాచ్‌లు జరుగుతాయి. క్లబ్బులు మ్యాచ్‌కు ఇంత అని ఇస్తాయి. చాలామంది తమ టోర్నీ ప్రయాణాలకు అక్కడే సంపాదించుకుంటారు. ఇప్పటినుంచే క్లబ్బులకు రాయి. జమైకా-జర్మనీ ఆటగాడు డస్టిన్ బ్రౌన్ యూరప్ అంతా ఒక క్యాంపర్ వ్యానులో తిరిగాడు, అందులోనే పడుకున్నాడు, తోటి ఆటగాళ్ల రాకెట్లకు గట్టింగ్ వేసి డబ్బు సంపాదించాడు. 2015లో వింబుల్డన్‌లో నాదల్‌ను ఓడించింది ఆయనే.

ఇంటికి ఫోను చెయ్యి. ఓడిన రోజు మా అమ్మాయి ఫోను ఎత్తేది కాదు. మేము ఫోను పక్కన పెట్టుకుని తెల్లవార్లూ మేలుకుని ఉండేవాళ్లం. స్కోరు మాకు ముందే తెలుసు, ఆమె గొంతు వినడమే కావాలి.

జవాబు 3

ఇప్పుడు ఆడుతున్నవాణ్ని. పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక మాట. నాలుగు వారాలు ఒకే చోట ఒంటరిగా ఉండటం ఎక్కువ. నేను మూడు దాటను. మూడో వారం చివరికి కాళ్లు బాగానే ఉంటాయి, మనసే వాడిపోతుంది. వరుసగా ఎంట్రీలు వేసి ఉంటే ముందున్న వాటిని ఒకసారి చూసుకో. టోర్నీ మొదలయ్యే సోమవారానికి 13 రోజుల ముందు వచ్చే మంగళవారం దాకా ఇబ్బంది లేకుండా పేరు ఉపసంహరించుకోవచ్చు. ఇంటికి వెళ్లే తేదీని ఓడిన రాత్రి నిర్ణయించవద్దు, బయలుదేరే ముందే నిర్ణయించుకో. ఓడిన రాత్రి తీసుకున్న నిర్ణయాలు నాకు ఒక్కటీ కలిసి రాలేదు.

ప్రశ్న అడిగినవారు (ఆదివారం)

అక్కా, అంకుల్, అన్నా, ముగ్గురికీ నమస్కారం.

గురువారం రిబాత్‌కు వెళ్లాను. పైన గాలి ఎక్కువగా ఉంది. గంటన్నర కూర్చున్నాను, ఆ గంటన్నరలో 30-30 ఒక్కసారే గుర్తొచ్చింది. సాయంత్రం ఇంటికి ఫోను చేశాను. అమ్మ స్కోరు అడగలేదు.

శుక్రవారం రాత్రి సెమీఫైనల్‌కు చేరిన ఒక ఆటగాడిని వార్మప్‌కు నేను రావచ్చా అని అడిగాను. ఆయన వెంటనే సరేనన్నాడు. నిన్న ఉదయం నలభై నిమిషాలు కొట్టాం. ఆయన బంతి నాకు అలవాటైన వాటికంటే ఒక జానెడు ఎత్తు లేస్తోంది, మొదటి పది బంతులు నా రాకెట్ చట్రానికే తగిలాయి. తర్వాత నేను రెండడుగులు వెనక్కి జరిగి నిలబడితే కుదిరింది. చివర్లో రెండో సర్వు ఒంటి మీదకు వేసి చూపించమని అడిగితే ఒక బుట్టెడు బంతులు వేశాడు. ఎడమ భుజం ఎంతసేపు మూసి ఉంచుతున్నాడో దగ్గరనుంచి చూశాను. మధ్యాహ్నం అదే కోర్టులో ఆరు బంతులతో కాకుండా ఆయన ఇచ్చిన ఇరవై బంతులతో సర్వులు చేశాను.

ఈ నెలాఖరుకు వేసిన టర్కీలోని అంతాల్యా టోర్నీ ఎంట్రీ తీసేశాను. ఈ నాలుగో వారం ఆడి ఇంటికి వెళ్తాను, తేదీ రాసుకున్నాను. సందేశాల ఫొటోలు సూపర్‌వైజర్‌కు ఇచ్చాను.

పుస్తకం కొన్నాను. మంగళవారం మ్యాచ్‌ను గుర్తున్నంతవరకు రాశాను. ఒత్తిడి పాయింట్లలో నా రెండో సర్వులు తొమ్మిది గుర్తొచ్చాయి. ఏడు బ్యాక్‌హ్యాండ్‌కే వెళ్లాయి, అక్కా.