కెనడా అండర్-18 మహిళల ఐస్ హాకీ నేషనల్స్: గోల్స్ తేడా ఎక్కువున్నా కిందికెందుకు?

బ్రాంప్టన్_తెలుగు:
ఎనిమిది జట్లు, రెండు గ్రూపులు. ఒంటారియో నుంచి రెడ్, బ్లూ అని రెండు జట్లు, అట్లాంటిక్ ప్రావిన్సులు నాలుగూ కలిపి ఒకటి. గ్రూపులో మూడేసి మ్యాచ్‌లు. పాయింట్లు సమానమైనప్పుడు గోల్స్ తేడా (వేసినవాటిలోంచి ఇచ్చినవి తీసేస్తే) +6 ఉన్న జట్టు +5 ఉన్న జట్టు కింద ఎలా ఉంటుందండీ?

బ్లూలైన్:
ముందు పాయింట్ల సంగతి. మూడు పీరియడ్లలోపు గెలిస్తే 3. ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో గెలిస్తే 2, ఓడితే 1. సమానమైనవి రెండు జట్లే అయితే సాధారణంగా వాటి మధ్య మ్యాచ్ గెలిచిందే పైన. మూడు జట్లు ఒకదాన్నొకటి ఓడించుకుంటేనే చిక్కు. అక్కడ కెనడాలో తేడా బదులు నిష్పత్తి చూడటం మామూలు: వేసిన గోల్స్ ÷ (వేసినవి + ఇచ్చినవి). 9 వేసి 4 ఇస్తే 9/13 = 0.692. 14 వేసి 8 ఇస్తే 14/22 = 0.636. తేడా ఒకటి ఎక్కువే, అయినా రెండో జట్టే కింద. గోల్స్ ఇవ్వకుండా ఆడిన జట్టుకే ఈ లెక్క మేలు చేస్తుంది, నా దృష్టిలో అదే న్యాయం. ఏ మ్యాచ్‌ల గోల్స్ కలుపుతారో మాత్రం ఆ ఏటి నిబంధనల్లో చూసుకోండి.

గోలీ_కోచ్:
బ్లూలైన్ గారి లెక్కకు ఒకటి కలుపుతాను. చివర్లో ఒక గోల్ వెనకబడి గోలీని (గోల్‌కీపర్‌ను) బయటికి పిలిచి, బదులుగా ఇంకో దాడి ఆటగత్తెను దింపాక ఖాళీ నెట్‌లో గోల్ పడితే ఆ 9/13 కాస్తా 9/14, అంటే 0.643. నిష్పత్తి మీద బతుకుతున్న జట్టు ఇది ముందే లెక్కేసుకోవాలి. స్కోరు సమంగా ఉండి 3 పాయింట్లు తప్పనిసరైతే మాత్రం పిలవాల్సిందే. గోల్ పడితే చేతిలో ఉన్న 1 పాయింటూ పోతుంది.

బ్రాంప్టన్_తెలుగు:
మరి అవతలి జట్టు తప్పు చేసిందని రిఫరీ చెయ్యెత్తగానే గోలీ బెంచికి పరిగెత్తుతుంది కదా, అప్పుడూ ఇంతే ప్రమాదమా?

గోలీ_కోచ్:
లేదండీ. అది డిలేడ్ పెనాల్టీ, అంటే వెంటనే విజిల్ వేయకుండా ఆట సాగనిచ్చే పెనాల్టీ. తప్పు చేసిన జట్టు పక్‌ను (బంతి బదులు వాడే రబ్బరు బిళ్లను) అదుపులోకి తీసుకోగానే విజిల్, కాబట్టి వాళ్లు ఖాళీ నెట్‌లోకి కొట్టలేరు. భయమంతా మన పాస్‌తోనే: బ్లూలైన్ (అవతలి జట్టు జోన్ మొదలయ్యే నీలం గీత) దగ్గరున్న డిఫెన్స్ అమ్మాయికి వెనక్కిచ్చిన పక్ తప్పిపోయి మన నెట్‌లోకి జారితే అది గోలే. అందుకే ఆ కొన్ని సెకన్లూ వెనక్కి పాస్ వద్దు. పక్‌ను బోర్డుల (రింక్ చుట్టూ ఉండే గోడల) వెంబడి, గోల్ వెనకాల తిప్పమనండి.